పాపక్క వీపుమీది పెట్టె

నేను ఒక పెట్టెను. మీ అగ్గిపెట్టె కంటే చిన్నదాన్ని. నెత్తిన నల్లటి పలక ఒకటుంటుంది, దానికి ఎండ తగిలితే అదే నాకు తిండి. ఎక్కడున్నానో కనిపెట్టి దగ్గర్లో ఉన్న సెల్ టవరుకు చెప్పడం నా పని. అది ఇంకొకరికి మోస్తుంది. చాడీలు చెప్పుకుని బతికే వృత్తి అనుకోండి, నాకేం సిగ్గు లేదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఎవరిమీదా నమ్మకం ఉండదు. నాకూ లేదు.

అసలది నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి సరిగ్గా ఉన్నానని ముద్ర వేస్తే, పక్క బల్ల దగ్గరి మనిషి ఆమెను నమ్మక మళ్ళీ విప్పి చూశాడు. విమానం దిగాక కస్టమ్స్ అధికారి ఒకాయన నన్ను చెవికి ఆనించి విన్నాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కొంగకు కట్టడానికి తెప్పించారని ఎవరో చెప్పేసరికి ఆయన అనుమానం రెట్టింపయింది. కొంగకు సామాను కట్టి పంపేవాళ్ళు ఏదో ఒక గూడుపుఠాణీ చేస్తూనే ఉంటారని ఆయన ఉద్దేశం. ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని.

తెప్పించినామె నీలోఫర్. హైదరాబాదులో పక్షుల మీద పరిశోధన చేసే డాక్టరు. మంచి మనిషే, కానీ అందరినీ తొందరగా నమ్ముతుంది. ఆమె నన్ను సంచీలో వేసుకుని అనంతపురం దిక్కున ఎర్రదిన్నెపల్లి అనే ఊరికి తీసుకెళ్ళింది.

ఏటా చలికాలంలో ఆ ఊరి చింతచెట్ల మీదికి ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. పిల్లలకు రెక్కలొచ్చి, వానలు మొదలయ్యే వేళకు వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళ దృష్టిలో అవి పక్షులు కావు, పుట్టింటికి పురుటికొచ్చిన కూతుళ్ళు. బాలింతలున్న ఇంట్లో చప్పుడు చెయ్యకూడదు కదా, అందుకని అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో పెళ్ళయినా డోలు మోగదు. నేను వెళ్ళిన రోజునే ఒక ఊరేగింపు చూశాను. డోళ్ళు చంకన ఇరికించుకున్న వాయిద్యగాళ్ళు ముందు, పెళ్ళికొడుకు వెనక, అందరూ చెట్లకింద అడుగులో అడుగు వేసుకుంటూ పోతున్నారు. ఏదో కాజేసి పారిపోతున్నారనే అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది. ఆ చెట్ల చింతకాయలు కూడా పిల్లలు ఎగిరేదాకా ఎవరూ కొయ్యరు. కొంగలు వెళ్ళే రోజుల్లో ఆడవాళ్ళు చెట్ల మొదట్లో బియ్యం పోసి సాగనంపుతారు. అత్తారింటికి వెళ్ళే కూతురికి ఒడిబియ్యం పోస్తారే, అలాగన్నమాట.

ఆ చెట్లలో ఒకటి సుంకులమ్మ వాకిట్లో ఉంది. మేకలు మేపుకుని బతికే మనిషి, మాట కటువు. కొన్నేళ్ళ కిందట గూట్లోంచి ఒక పిల్ల కిందపడి కాలు విరగ్గొట్టుకుంటే, వెదురు పుల్లలు పెట్టి గుడ్డపేలికతో కట్టు కట్టింది. వంకలో చేపపిల్లలు పట్టుకొచ్చి నోట్లో పెట్టింది. కాలు అతికింది, కొంచెం వంకరగా. ఆ పిల్ల ఎగిరిపోయింది. పెద్దదయ్యాక ఏటా తిరిగొచ్చి అదే చెట్టు మీద గూడు కట్టి, తీరిక దొరికినప్పుడల్లా కిందికి దిగి వాకిట్లో పచార్లు చేసేది. దాని పేరు పాపక్క.

అంత మాలిమి పక్షి కాబట్టే నీలోఫర్ దాన్ని ఎంచుకుంది. సుంకులమ్మ నన్ను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. అంత సూటిగా నన్ను అనుమానించిన మనిషి అంతవరకు తగల్లేదు. నాకు ఆమె నచ్చింది.

"నా బిడ్డ యాడికి పోతే మీకేం మేడమ్? అత్తగారింటికి పోతాది, మళ్ళా పురుటికి వస్తాది" అంది.

ఆ అత్తగారిల్లు ఎక్కడుందో తెలుసుకోవాలని లేదా అని నీలోఫర్ అడిగింది. కూతురు ఎలాంటి ఇంట్లో ఉందో, కడుపునిండా తింటోందో లేదో తెలుసుకోవాలని ఏ తల్లికి ఉండదు? సుంకులమ్మ అక్కడ దొరికిపోయింది. ఒక్క షరతు పెట్టింది. "ఏమన్నా అయితే మొదట నాకే చెప్పల్ల. మీ ఆఫీసుకు కాదు, పేపరోళ్ళకు కాదు, నాకు. దాచిపెడితే మాత్రం నేను ఒప్పుకోను." నీలోఫర్ మాటిచ్చింది. నేను నమ్మలేదు.

నన్ను మెత్తటి పట్టీలతో పాపక్క వీపుకు కట్టారు. మొదట్లో అది కూడా నన్ను నమ్మలేదు. మెడ తిప్పి ఆ పొడుగాటి పసుపు ముక్కుతో నన్ను పొడిచి చూసేది. తర్వాత మరిచిపోయింది. నేనే మరవలేకపోయాను. దాని రెక్కల కింద గుండె కొట్టుకోవడం పట్టీల్లోంచి తెలిసేది.

వానలు మొదలయ్యే ముందు సుంకులమ్మ బియ్యం పోసింది, మేము లేచాం. ఎండకు పైకి లేచే గాలిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఎక్కడం, రెక్కలు చాచి జారడం. ఎర్ర నేలలు వెనకబడ్డాయి, నల్ల రేగళ్ళు వచ్చాయి, కృష్ణ దాటాం. నాకు అందమేమీ కనిపించలేదండీ, భయమే. కింద వలలు, వేటకుక్కలు, చేలల్లో చల్లిన మందులు, కరెంటు తీగలు, చేతిలో కర్ర ఉన్న ప్రతి మనిషీ. పాపక్కకు అవేం పట్టలేదు. తోడొచ్చిన కొంగల్లో ఒకటి దారిలో ఒక మడుగు దగ్గర దిగి మళ్ళీ లేవలేదు. ఎందుకో తెలియదు. దాని వీపున పెట్టె లేదు కాబట్టి ఎవరూ దాని గురించి అడగలేదు.

చివరికి కోస్తాలో చేపల చెరువుల దగ్గర దిగాం. అదీ అత్తారిల్లు. కనుచూపు మేర నీళ్ళు, నీళ్ళనిండా చేపలు. ఆ చేపలకు కాపలాగా ఏడుకొండలు అనే నడివయసు మనిషి. భుజాన వడిసెల, సంచీలో టపాకాయలు. గట్టు మీద కొంగ వాలితే చాలు, టపాకాయ పేలేది. చెరువు యజమాని అతన్ని పెట్టుకున్నదే అందుకు. మొదటి రోజే నిర్ణయించేశాను, పాపక్క ప్రాణం తీసేవాడంటూ ఉంటే వీడే అని. అతని రాయి ఎప్పుడూ పక్షి పక్కనే పడేది, పక్షికి తగిలేది కాదు. గురి తప్పుతున్నాడనుకున్నాను.

ఒక రోజు పొద్దున ఈదురుగాలి, ముసురు. పాపక్క గట్టు మీంచి లేచింది. గాలి అడ్డంగా తోసింది. చెరువుల మీదుగా పోయే కరెంటు తీగకు రెక్క తగిలింది. చిటుక్కుమని చప్పుడు, అంతే. నీళ్ళ పక్కన బురదలో పడ్డాం.

ఏడుకొండలు పరిగెత్తుకొచ్చాడు. అటూ ఇటూ చూశాడు, ఎవరైనా గమనిస్తున్నారేమోనని. పాపక్కను తువ్వాల్లో చుట్టాడు, నేను కనబడకుండా కప్పాడు, మోటారు సైకిలెక్కాడు. చూశారా, నేను చెప్పలేదూ? ఇంటికి తీసుకెళ్ళి కూర వండిస్తాడని తేల్చేసి, దారి పొడుగునా టవరు టవరుకీ వాడి ఆచూకీ చెప్పుకుంటూ పోయాను.

ఇంట్లో అతని భార్య నాగరత్నం పొయ్యి మీద ఏదో కాచింది. మసాలా కాదు, నువ్వులనూనెలో పసుపు. కాలిన రెక్కకు ఇద్దరూ దాన్ని రాశారు. ఏడుకొండలు పాపక్కను ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నీళ్ళు పట్టాడు. సాయంత్రానికి పట్టీల్లో గుండె చప్పుడు ఆగిపోయింది. నాగరత్నం తన పాత చీర చింపి దానికి చుట్టింది. పెరట్లో జామచెట్టు పక్కన పాతిపెట్టే ముందు ఏడుకొండలు నా పట్టీలు కోసి, నన్ను తుడిచి, వెలుతురులో పెట్టి చూశాడు. అప్పటికే నా మీద రాసి ఉన్న చిరునామా కాలిపోయింది. "తాయెత్తులాగుందే. దీనికెవరో తల్లి ఉంది. తాయెత్తు మట్టిలో పెట్టకూడదు" అన్నాడు. నల్లదారం కట్టి, గుమ్మానికున్న మేకుకు తగిలించాడు.

ఇక్కడ జరిగింది అసలు అన్యాయం. ఆ గుమ్మం తూర్పు ముఖం. మబ్బు తెరిపిచ్చినప్పుడల్లా ఎండ నా పలక మీద పడేది, నాకు తిండి దొరికేది. గాలి వస్తే దారానికి ఊగేదాన్ని. ఆ ఊగడాన్ని కూడా టవరుకు చెప్పడం నా పని. అక్కడ హైదరాబాదులో నీలోఫర్ తెర మీద ఏం కనిపించి ఉంటుందో ఊహించండి. కొంగ మోటారు సైకిలంత వేగంతో ఒక ఇంటికి వెళ్ళింది. అక్కడే ఉంది. కదులుతోంది.

నీలోఫర్ మాట నిలబెట్టుకుంది. మొదట సుంకులమ్మకే ఫోన్ చేసింది. ఎవరో పట్టుకుని కట్టేశారు, కదలికలు వస్తున్నాయి కాబట్టి బతికే ఉందనిపిస్తోంది అని చెప్పింది. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ తల్లికి లేని ఆశ పెట్టింది నేనే.

వాళ్ళు మధ్యాహ్నం వేళ వచ్చారు. నీలోఫర్, ఫారెస్టు ఆఫీసరు, బియ్యం మూట చంకలో పెట్టుకుని సుంకులమ్మ. జీపు చూడగానే ఏడుకొండలు మొహం పాలిపోయింది. కొంగను తెచ్చావా అని ఆఫీసరు అడిగితే, నాకేం తెలీదండి అన్నాడు. అతని నెత్తికి జానెడు ఎత్తున వేలాడుతున్నాను నేను. దొరికాడు దొంగ అని ఎంత సంబరపడ్డానో.

సుంకులమ్మ ఎవరి మాటా వినలేదు. అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. మంచం కింద చూసింది. వంటింట్లో చూసింది. పెరట్లో బోర్లించిన కోళ్ళ గంప ఎత్తి చూసింది. "పాపక్కా" అని పిలిచింది, మేకల్ని పిలిచినట్టు కాదు, మెల్లగా. గంప కిందినుంచి కోడిపెట్ట ఒకటి బయటికొచ్చింది.

అప్పుడు నాగరత్నం, చెప్పెయ్యి, ఇంక దాచలేం అంది. ఏడుకొండలు నన్ను మేకు మీంచి తీసి నీలోఫర్ చేతిలో పెట్టాడు. తీగ సంగతి, పసుపు సంగతి, జామచెట్టు సంగతి చెప్పాడు. ఎందుకు దాచావని ఆఫీసరు గద్దించాడు.

"నా మాట ఎవరు నమ్ముతారండీ? పొద్దస్తమానం కొంగల్ని తోలేది నేనేనాయె."

ఆఫీసరు నమ్మలేదు. సుంకులమ్మ అసలే నమ్మలేదు. మా బిడ్డ వేరే, నువ్వు పాతిపెట్టింది వేరే ఏదో, మా బిడ్డను అమ్ముకుని కథ చెప్తా ఉండావని నిలదీసింది. నిజానికి ఆమె నమ్మాలనుకుంటున్నది అదే. అమ్మేసినా సరే, ఎక్కడో ఒకచోట బతికి ఉంటే చాలు. ఆఫీసరు జామచెట్టు దగ్గర తవ్వమని చెప్పి పార తెమ్మన్నాడు. ఏడుకొండలు పార తెచ్చాడు గానీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"తవ్వించకండి బాబూ. అది మీదైతే ఒక గుర్తు చెప్తాను. దాని కుడికాలు కొంచెం వంకరండి. ఎప్పుడో చిన్నప్పుడు విరిగితే ఎవరో కట్టు కట్టారు."

సుంకులమ్మ అతని వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరవలేదు. "దాని కాలు సంగతి నీకెవరు చెప్పినారప్పా?" అంది. గొంతులో ఇంకా అనుమానమే, కానీ నిలబడ్డానికి ఆధారం లేని అనుమానం.

"ఎవరు చెప్తారండీ? ఒళ్ళో పెట్టుకుంటే తెలీదా అండీ?"

ఆమె అక్కడే, జామచెట్టు పక్కన కూలబడి ఏడ్చింది. పెద్దగా, సిగ్గుపడకుండా, కూతురు పోయిన తల్లి ఏడ్చినట్టే ఏడ్చింది. ఆఫీసరు టోపీ తీసి పక్కకు తిరిగాడు. నీలోఫర్ ఆమె పక్కన కూచుంది. నా చాడీలు పనికొచ్చాయని సంబరపడే పని లేకపోయింది ఎవరికీ. దొంగ దొరకలేదు. దొరికింది ఒక తీగ, దాన్ని ఏ జీపులోనూ ఎక్కించలేరు. వడిసెల రాళ్ళు పక్షి పక్కనే ఎందుకు పడేవో అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని మనుషుల్ని కాపలా కాసిన నేను పప్పులో కాలేశాను.

వెళ్ళేముందు సుంకులమ్మ మూట విప్పింది. పాపక్కను విడిపించి, మళ్ళీ ఎగరేసేటప్పుడు పోయాలని తెచ్చిన బియ్యం. పిడికెడు జామచెట్టు మొదట్లో పోసింది. మిగతాది నాగరత్నాన్ని ఒడి పట్టమని పోసింది. "దాన్ని చూసుకున్న దానివి. నువ్వు మా ఊరికి రావల్ల" అంది. నాగరత్నం బియ్యం ఒలకకుండా ఒడి ముడి వేసుకుంది.

నీలోఫర్ నన్ను బాగుచేయించింది. చలికాలంలో కొంగలు మళ్ళీ చింతచెట్ల మీదికి వచ్చాయి. ఆమె ఊరికి వచ్చింది గానీ, నన్ను ఇంకో కొంగకు కట్టనా అని సుంకులమ్మను అడగడానికి నోరు రాలేదు. వాకిట్లో నిలబడి, వంక ఎండిపోయిందా, మేకలు బాగున్నాయా అని పొంతన లేని మాటలు మాట్లాడింది. సుంకులమ్మే చెయ్యి చాపింది. నన్ను అరచేతిలో పెట్టుకుని, మొదటి రోజులాగే తిప్పి తిప్పి చూసింది.

తర్వాత ఇంట్లోకి వెళ్ళి పసుపు రాసిన దారం తెచ్చి నా కొత్త పట్టీకి ముడి వేసింది. ఎవరి చేతికి దొరికినా, దీనికొక తల్లి ఉందని తెలియాలట. ఏడుకొండలు చేసిన పొరపాటును ఆమె ఖాయం చేసేసింది. నేను తాయెత్తును కానని నీలోఫర్ కూడా చెప్పలేదు. నాలో కాపాడే శక్తేమీ లేదు. ఎక్కడ పడ్డామో చెప్పగలను, పడకుండా ఆపలేను. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు లేదు.

నీలోఫర్ ఒక చిన్న వయసు కొంగను పట్టి తెచ్చింది. అది వణుకుతోంది. సుంకులమ్మ దాని వీపు మీద నన్ను పెట్టి, పట్టీ సర్ది, వేలితో నా నెత్తిన ఒకసారి తట్టింది.

"ఈ తూరి నువ్వొక్కదానివే తిరిగి రావద్దు" అంది.