గోడ దిగిన చార్టులు

ఒకటో తరగతి గోడల నిండా నేను రంగురంగుల చార్టులు అంటించాను. ఒక్క పిల్లయినా కన్నెత్తి చూస్తే ఒట్టు! నాకు ఒళ్లు మండిపోయింది.

కొత్త టీచర్లకు సాయం చేసే పెద్ద మేడమ్ వచ్చి, పిల్లల మధ్య నేలమీద చతికిలబడ్డారు. "నువ్వూ ఇలా వచ్చి కూర్చోమ్మా" అన్నారు.

కూర్చుని తలెత్తితే మెడ పట్టేసింది. అక్షరాలు చీమల్లా కనిపించాయి.

"ఇవన్నీ ఎవరికోసం అంటించావు, నీకోసమా?" అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. చార్టులన్నీ ఊడదీసి కిందికి, పిల్లల కళ్లకు ఎదురుగా అంటించాం.

మర్నాడు పిల్లలు గోడలకు అతుక్కుపోయారు. ఆ గోలకి హెడ్మాస్టర్‌గారు వచ్చి, పైకి చూసి, "గోడలు బోసిపోయాయేంటమ్మా?" అన్నారు.

మా క్లాసులో ఒక బుడ్డిది ఆయన చొక్కా పట్టి లాగింది. "మాలాగా కూర్చోండి సార్, అన్నీ కనిపిస్తాయి!"

ఆయన కూర్చున్నారు. ఇంటి బెల్లు కొట్టినా లేవలేదు.