చుక్కల్ని పట్టి నేలను చెరిపేశాను

నేను ఒక చుక్కల ట్రాకర్‌ను. పేరు చూసి మోసపోకండి. కెమెరా కింద బిగించే పిడికెడంత ఇనుప పెట్టెను, అంతే. నా కడుపులో ఒక ఇత్తడి పళ్లచక్రం, పాత ప్రింటరు నుంచి ఊడబీకిన మోటారు ఉన్నాయి. భూమి తిరుగుతోంది కాబట్టి చుక్కలు పడమరకు జారుతుంటాయి. కెమెరాను రెండు నిమిషాలు తెరిచి ఉంచితే చుక్క చుక్కలా పడదు, గీతలా సాగుతుంది. అలా సాగకుండా చుక్క వెంబడే కెమెరాను తిప్పడం నా పని. నాకు తెలిసింది అదొక్కటే. ఒక్క పని మాత్రమే తెలిసినవాడు ఎంత కీడు చేయగలడో చెప్పడానికే నోరు విప్పాను.

నన్ను చేసింది ఒంగోలులో లేతు మిషను పెట్టుకున్న మస్తాన్‌వలి. ట్రాక్టరు షాఫ్టులు, బోరు మోటార్ల బుష్‌లు చేసే చేతులు ఆయనవి. చక్రం ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలకు ఒక చుట్టు తిరగాలని నా యజమాని అంకబాబు చీటీ రాసిస్తే, మస్తాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“రోజుకు ఇరవై నాలుగు గంటలు గదా అబ్బయ్యా. ఆ నాలుగు నిమిషాలు ఎవరు మింగారు?”

“చుక్కల రోజు అంతే మస్తాన్ భాయ్. మనకన్నా నాలుగు నిమిషాలు ముందే అయిపోద్ది.”

“అదృష్టవంతులు. డ్యూటీ తొందరగా దిగుతారు,” అన్నాడు మస్తాన్. మూడు చక్రాలు పాడుచేసి నాలుగోదాన్ని నాలో బిగించాడు.

అంకబాబుది పెళ్లి ఫొటోల స్టూడియో, నల్లరాయి క్వారీల మధ్య ఉన్న చిన్న ఊళ్లో. ఆ రాయి మీకు తెలుసు. నల్లటి ఒంట్లో బంగారు రవ్వలు మెరుస్తాయి. ‘గెలాక్సీ’ అని పేరు పెట్టి దేశదేశాలకు ఓడలెక్కించారు. మీ వంటింటి గట్టు కూడా అదే అయి ఉండొచ్చు. దాని మీద ఉల్లిపాయలు తరుగుతూ ఎంత బాగుందో అనుకుంటారు. ఆ పలక లేచిన చోట ఎంత గుంట పడిందో, అందులో ఎవరు పడ్డారో మాత్రం మీలో ఒక్కరూ అడగరు.

అంకబాబు బావ సుబ్బరాయుడు ఆ గుంటలోనే రాతికి బెజ్జాలు వేసే పనివాడు. నన్ను రెండుసార్లు కొండ మీదికి భుజాన మోసిందీ ఆయనే. “బామ్మర్దీ, నేను కిందున్న గెలాక్సీ తవ్వుతా, నువ్వు పైనున్నది ఫొటో తీస్తావు. దుమ్ము పట్టేది మాత్రం నాకే,” అని నవ్వేవాడు. నవ్వినప్పుడల్లా దగ్గు వచ్చేది. ఆయన భార్య పోలమ్మ, అంటే అంకబాబు అక్క, ఊరందరి ముందే తమ్ముణ్ణి వేళాకోళం చేసేది. “పెళ్లిళ్లు తియ్యరా అంటే మావోడు చుక్కలకు పెళ్లి చేస్తన్నాడు!”

ఆ మార్చి రాత్రి మేం పిల్లలకోడి కోసం కొండెక్కాం. పంచాంగంలో కృత్తికలంటారే, ఆ చుక్కల గుంపే. దాని చుట్టూ నీలి పొగ ఉంటుంది. కంటికి ఆనదు. రెండేసి నిమిషాల ఫొటోలు పదులకొద్దీ తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చితే గాని బయటపడదు. పైగా ఆ రోజుల్లో కుజుడు ఎర్రగా దాని పక్కకు చేరాడు. రెంటినీ ఒకే ఫొటోలో పట్టాలని అంకబాబు ఆశ. నన్ను ధ్రువుడికి సరిచేసి, లెన్సును పడమరకు తిప్పి, బటన్ తనంతట తానే నొక్కే రిమోటు తగిలించాడు. రెండు పెళ్లిళ్లు తీసి వచ్చిన మనిషి. బండకు ఆనుకుని నిద్రపోయాడు.

నేను నిద్రపోలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు గనక ఆపలేదు. పిల్లలకోడి దిగుతుంటే నేనూ దిగాను. చివరి ఆరు ఫొటోల్లో ఎదుటి కొండ అంచు, దాని కిందున్న క్వారీ గట్టు కూడా వచ్చేశాయి. ఇలాంటివాటిని మా వాళ్లు చెత్త అని చెరిపేస్తారు.

తెల్లవారుజామున ఫోను. సుబ్బరాయుడు క్వారీ గట్టు మీంచి రెండొందల అడుగుల గుంటలో పడి చనిపోయాడు.

ఆ క్వారీకి సాయంత్రం ఆరు దాటాక పని చేయించే అనుమతి లేదు. అందుకని యాజమాన్యం ఒక కథ అల్లింది. పని ఆరింటికే ఆపేశాం, ఇతగాడు రాగి కేబులు దొంగతనానికి కంచె దూకి వచ్చి పడ్డాడు. పోలీసులు అదే రాశారు. ఆ రాత్రి ఆయనతో పనిచేసిన నలుగురూ తల వంచుకున్నారు.

పోలమ్మ స్టేషనుకు వెళ్లి ఒకటే అడిగింది. “సచ్చిపోయాడని రాశారు, సరే. దొంగని ఎట్ట రాశారు సార్? ఆ మాట కొట్టెయ్యండి. నాకు ఇంకేం వద్దు.”

కొట్టెయ్యలేదు.

పదకొండో రోజున అంకబాబు కెమెరా ఖాళీ చేస్తూ ఆ చెత్త ఫొటోలు తెరిచాడు. క్వారీ గట్టు మీద దీపాలు. వేలు చెరిపేసే బటన్ మీదే ఆగిపోయింది.

పోలమ్మ పెట్టిన అర్జీ మీద విచారణ మండలాఫీసులో జరిగింది. అంకబాబు ఫొటోలు, పంచాంగం, చివరికి నన్ను కూడా బల్ల మీద పెట్టాడు. చిక్కల్లా కెమెరా గడియారంతో. లోపలి సెల్లు ఎప్పుడో చచ్చింది. ఫొటోల మీద జనవరి ఒకటో తేదీ అని ఉంది. క్వారీ మేనేజరు నవ్వాడు.

“కెమెరా తేదీ తప్పే సార్,” అన్నాడు అంకబాబు. “కుజుడు తప్పడు గదా. రోజుకు ఇంత అని జరుగుతాడు. సరిగ్గా ఈ చోట ఉన్నది ఆ ఒక్క రాత్రే. పిల్లలకోడి ఆ కొండ అంచుకు దిగిందంటే టైము పదకొండు. కావాలంటే లెక్క కట్టించండి.”

విచారణ అధికారి కళ్లజోడు సవరించుకుని పంచాంగం అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“అవునయ్యా, ఈ కుజుడు కృత్తిక దాటేదెప్పుడు? మా పెద్దమ్మాయికి కుజదోషం ఉందంటన్నారు.”

అంకబాబు చెప్పాడు. అధికారి ఆ తేదీని జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. విచారణ కాగితం మీద మాత్రం ఏమీ రాయలేదు. కూతురి పెళ్లికి పనికొచ్చే గ్రహం కూలివాడి చావుకు పనికిరాదు.

“సరే, లైట్లున్నాయి. మిషన్లేవి? మనుషులేరి?”

లేరు. ఎందుకంటే నేనున్నాను. చుక్కను కదలనివ్వని నేను ఫొటోలో నేలను కదిలిస్తాను. దీపాలు వంకర గీతలయ్యాయి. క్రేను, మనుషులు కలిసి నల్లటి మరకయ్యారు.

“కాపలావాళ్ల లైట్లు సార్ అవి,” అన్నాడు మేనేజరు. అయిపోయింది.

బయట మెట్ల మీద పోలమ్మ ఆ ఫొటోను మళ్లీ చూసింది. “అంతంత దూరాన ఉన్నయ్యి సూదిమొనల్లే తీశావు తమ్ముడా. ఇంత దగ్గరున్న మీ బావ కనపడలా నీకు?”

ఆ ప్రశ్న అంకబాబును కాదు, నన్ను అడగాల్సింది. ఆకాశం చూసేవాడికి నేల చెరిగిపోవడం కనపడదు. ఇది యంత్రానికే కాదు, మీలో చదువుకున్నవాళ్లు చాలామందికి ఉన్న రోగమే.

ఆ సాయంత్రం అంకబాబు నా మోటారు తీగ తెంపేశాడు. కెమెరాను నా మీదే బిగించి క్వారీ వైపు తిప్పాడు. నేనిక ఒట్టి మేకును. అక్కా తమ్ముళ్లు వరసగా తొమ్మిది రాత్రులు కొండెక్కారు. తొమ్మిదో రాత్రి దొరికింది. పైన చుక్కలు గీతలై సాగాయి, సాగనీ. కింద క్రేను స్పష్టంగా ఉంది. గట్టు అంచున నడుముకు తాడు లేకుండా ఒక మనిషి, దీపానికి ఎదురుగా మొహం పెట్టి ఊపిరి తీసుకుంటూ నిలబడిపోయాడు.

స్టూడియోలో పెద్దది చేసి చూశారు. “మన యోబు గదరా!” అంది పోలమ్మ. ఆ నలుగురిలో ఒకడు. రాత్రి పని సాగుతోందనడానికి ఇంతకంటే ఏం కావాలి? మొగుడు పోయాక ఆమె మొహంలో వెలుగు చూడటం నాకు అదే మొదలు. చెప్పకుండా ఫొటో అధికారికి ఇవ్వడం పద్ధతి కాదని యోబుకు కబురంపింది. నేను మనిషినైతే ఆ కబురు ఆపేవాణ్ణి.

యోబు వచ్చి చేతులు జోడించాడు. “అక్కా, నీ కాళ్లకు దణ్ణం పెడతా. ఇది బయటికొస్తే నన్నూ దొంగనే అంటారు. సుబ్బన్న సచ్చిపోయి ఆ మాట పడతన్నాడు. నేను బతికుండి పడాల.”

“ఆ రాత్రి ఆయన పక్కన నువ్వున్నావా లేదా?”

“ఉన్నా.”

“ఆ ఒక్క ముక్క సార్‌తో చెప్పరా. చాలు.”

యోబు నేల చూశాడు. చొక్కా చేతుల మీద ఇంకా రాతిపొడి ఉంది. రోడ్డు మీద రెండు లారీలు వెళ్లిపోయాయి.

“తుడిచెయ్ తమ్ముడా,” అంది పోలమ్మ.

“అక్కా, బావ పేరు…”

“తుడిచెయ్యమన్నాగా! ఇంకో ఇంట్లో ఆ మాట నేను ఇనలేను.”

అంకబాబు తుడిచేశాడు. దీన్ని దయ అని మెచ్చుకోకండి, నాకు ఒళ్లు మండుతుంది. ఆ బటన్ నొక్కింది పోలమ్మ కాదు, అంకబాబు కాదు. పనివాణ్ణి పనివాడి మీదే కాపలా పెట్టి ఇంట్లో నిద్రపోతున్నవాడు నొక్కాడు. వాడి వేలిముద్ర ఎక్కడా పడదు.

ఇప్పుడు నేను స్టూడియో అటక మీద, పాత పెళ్లి ఆల్బముల కింద ఉన్నాను. చక్రానికి చిలుం పట్టింది. స్టేషను కాగితాల్లో సుబ్బరాయుడు నేటికీ దొంగే. అర్ధరాత్రి దాటాక లోడు లారీలు ఈ రోడ్డునే వెళ్తాయి. అటక అదురుతుంది, నా పళ్లు ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడవుతుంది. వెళ్లేవన్నీ కోతకు పోసిన నీళ్ల తడి ఇంకా ఆరని రాళ్లు, ఆరింటికే పని ఆపేసిన క్వారీవి.