ఒక్క బాతు ఇటువైపు

"గాలి తిరిగింది అత్తా. ఈ గాలికి పడవ నిలుస్తుందంటావా? ఇవాళ వలకి పోవద్దంటే వింటేనా, ఆ తండ్రీకొడుకులు!"

మంచంమీద పెద్దింటమ్మ పలకలేదు. పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఆమెలో కదిలేవి కళ్ళు మాత్రమే. అయినా సూరమ్మ తన భయాలన్నీ ఈ అత్తకే చెప్పుకుంటుంది. వసారా నేలమీద బిగించిన జనపతాళ్ళ మధ్యకి తడి తుంగపుల్ల దూర్చి, చెక్కతో రెండు దెబ్బలు కొట్టి, లేచి కొల్లేటివైపు చూసి వచ్చి మళ్ళీ కూర్చుంది.

చాప అల్లడం ఇద్దరి పని. ఒకరు పుల్ల అందిస్తే ఒకరు చెక్కతో బిగించాలి. చెక్క ఎప్పుడూ అత్తదే. "ఇక్కడ ఊపిరి పోతోందే" అని వదులు చూపించడమే తప్ప, బాగుందని ఆవిడ ఏనాడూ అనలేదు.

ఇప్పుడు రెండు పనులూ సూరమ్మే చేస్తోంది. పైగా ఎవరూ అడక్కుండానే ఈ చాపలో ఎర్రరంగు తుంగతో గూడబాతుల వరస అల్లుతోంది. ఎవరికోసమంటే, ఏలూరు మేడలో ఉండే ఒకావిడకోసం. అలాంటావిడ ఉందో లేదో సూరమ్మకి తెలియదు. చదువుకున్న మనిషి, తొందరలేని మనిషి. చాప పరిచి, వేలితో తడుముతూ బాతు రెక్క దగ్గర ఆగుతుంది. ఆగి ఏమంటుందో మాత్రం సూరమ్మకి వినపడదు. అందుకే అల్లినదాన్నే విప్పి మళ్ళీ అల్లేది.

పొద్దెక్కాక చాపల వర్తకుడు పట్టాభిరామయ్య పడవ ఆపి వచ్చాడు.

"ఏవమ్మా సూరమ్మా, జనం చాప కొనేది పడుకోడానికా, బాతుల్ని మేపడానికా?"

"చూసేవాళ్ళు చూస్తారండీ."

"మామూలువి అల్లు తల్లీ. ఇది నేనెత్తుకుపోను."

అతను వెళ్ళాక ఆమె చెక్క పక్కన పెట్టి లేచింది. గంజి కాచి, అత్తకి తాగించడానికి మంచం అవతలి పక్కకి వెళ్ళి, తలగడ దగ్గర ఒరిగింది. అలవాటుగా చాపవైపు చూసి ఉలిక్కిపడింది.

అక్కణ్ణించి బాతులన్నీ తలకిందులుగా ఉన్నాయి. వేటగాళ్ళు కాళ్ళు కట్టి కావడికి వేలాడదీసిన పిట్టల్లా, బారుగా.

"అయ్యో, ఇన్నాళ్ళూ వీటినా నువ్వు చూస్తున్నది? చెప్పవేం అత్తా!" అని, ఆ మాటకి తనే నాలిక కరుచుకుంది.

చివరి బాతు సగంలో ఉంది. దాన్ని విప్పేసింది. ఎప్పుడూ కాళ్ళ దగ్గర మొదలుపెట్టేదాన్ని, మంచంమీంచి నిటారుగా కనపడాలని, ఈసారి ముక్కు దగ్గర మొదలుపెట్టింది. చేతికి తెలియని దారి. పుల్లలు విరిగాయి. గాలికి ఆరిపోతుంటే నీళ్ళు చల్లుకుంటూ అల్లింది. ఏలూరు మేడా గుర్తు రాలేదు, ఆ మేడలో మనిషీ గుర్తు రాలేదు. చెక్క దెబ్బ పడ్డప్పుడల్లా తలెత్తి మంచంవైపు చూసింది. అత్త కళ్ళు చాపమీదే ఉన్నాయి.

"ఊపిరి పోతోందా? ఇక్కడా? ఉండు, బిగిస్తాను."

పొద్దువాలే వేళకి గట్టున కొడుకు ముత్యాలరాజు గొంతు వినిపించింది. పడవ క్షేమంగా వచ్చింది. సూరమ్మ దండం పెట్టుకుని, ఆఖరి పుల్ల బిగించి, "వాళ్ళొచ్చేశారు అత్తా. నీ బాతు కూడా అయింది" అంది.

పెద్దింటమ్మ కళ్ళు ఇంకా చాపవైపే తెరిచి ఉన్నాయి. రెప్ప పడలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది సూరమ్మ. పొద్దుటినుంచీ నీటిమీద వస్తుందేమోనని భయపడ్డ చావు ఇంట్లోకే వచ్చి వెళ్ళిపోయింది.

ఇరుగుపొరుగు వచ్చారు. ఆవిణ్ణి దింపడానికి చాప కావాలి. శవం కింద వేసిన చాప శవంతోనే పోతుంది, మళ్ళీ ఇంటికి రాదు. మూలన మామూలు చాపలు ఉన్నాయి. సూరమ్మ భర్త జోగయ్య ఒకటి లాగబోయి ఆగాడు.

"ఏ చాప వెయ్యమంటావే?"

ఆమె బాతుల చాపవైపు చూసింది. మళ్ళీ అడిగాడు. ఎవరో దీపం తెచ్చి పెట్టారు. ఎవరో ఆమె భుజం తట్టారు. సూరమ్మ తాళ్ళు కోసి, అంచులు ముడివేసి, చాపని రెండు చేతులా మంచందాకా లాక్కొచ్చింది.

"ఇదెయ్యి. ఈ చివరి బాతుని తలవైపుకి రానియ్యి. దీని సంగతి అత్త ఇంకా ఏమీ చెప్పలేదు."