ఎర్తు లేని వంటయిల్లు

మా ప్రహరీ గోడ బయటి పంపు అంకమ్మకు మొదటిసారి షాకు కొట్టింది మార్చి నెల మూడవ శనివారం ఉదయం. ఆ మాట ఆమె చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. గుంటూరులో ఒక మహిళా కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం బోధించిన నేను కూడా నమ్మలేదని ముందే చెప్పడం న్యాయం.

ప్రత్తిపాడులో ఈ ఇల్లు మా నాన్నగారు కట్టించినది. ఆయన తరువాత నాకు వచ్చింది. మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి. చర్చి వెనుక పేటలో ఏ బోరు వేసినా ఉప్పునీళ్లే పడతాయి. అందుకని నాన్నగారు బోరు నుంచి ఒక ఇనుప పైపు గోడ బయటికి తీయించి, దానికొక పంపు పెట్టించారు. పేటలోని ఆడవాళ్లు అర్ధశతాబ్దంగా తాగే నీళ్లు అక్కడే పట్టుకుంటున్నారు. అంకమ్మ వారిలో ఒకతె. సీజనులో మిరప కోతకు, మిగిలిన రోజుల్లో దొరికిన కూలికి పోతుంది. పనికి పోయే ముందు మూడు బిందెలు నింపుకుంటుంది.

నాతో పాటు ఈ ఇంట్లో మా చెల్లెలి కొడుకు మార్క్, అతని భార్య షారోన్ ఉంటారు. మార్క్ గుంటూరులో ఒక కోల్డు స్టోరేజీలో గుమాస్తా. షారోన్ కేకులు చేసి ఇస్తుంది. ఫిబ్రవరిలో ఆమె ఒక పెద్ద కరెంటు పొయ్యి తెప్పించుకుంది. నేల మీద బీరువాలా నిలబడే రకం అది. పైన నాలుగు ప్లేట్లు, కింద ఒవెన్. దానిని బిగించినవాడు బాపయ్య. మా చుట్టుపక్కల పొలాల్లో మోటార్లు చెడితే బాగుచేసేది అతనే.

పొయ్యితో వచ్చిన పుస్తకం నేను ఆసాంతం చదివాను. మీటరు బోర్డు నుంచి విడిగా మందపాటి తీగ లాగాలనీ, గట్టి ఎర్తు ఉండాలనీ, కరెంటు లీకైన క్షణంలో తెంచివేసే స్విచ్చు పెట్టాలనీ అందులో స్పష్టంగా ఉంది. తీగ విషయంలో బాపయ్య నా మాట విన్నాడు. స్విచ్చు గురించి మాత్రం, "అయి మాటిమాటికీ పడిపోతుంటయి టీచరమ్మా, మీకే చిరాకు," అన్నాడు. ఎర్తు ఎక్కడ ఇచ్చావని అడిగాను.

"బోరు గొట్టానికి. రెండొందల అడుగుల ఇనుము భూమిలో ఉంటే ఇంకో ఎర్తు ఎందుకు? ముప్పయ్యేళ్లుగా పొలాల్లో మోటార్లన్నిటికీ ఇట్టాగే ఇస్తున్నా."

రెండువందల అడుగుల ఇనుప గొట్టం నిజంగానే మంచి ఎర్తు. కాబట్టి నేను ఊరుకున్నాను. నా తప్పు అక్కడ మొదలైంది.

అంకమ్మ ఫిర్యాదు చేసిన రోజున మార్క్ నవ్వుతూ బయటికి వెళ్లి పంపును ఒక వేలితో తాకాడు.

"ఏదీ, నన్నేమీ చేయలేదే!"

"నిన్నెందుకు చేసుద్ది మార్కుబాబూ? రబ్బరు చెప్పులేసుకుని, పిల్ల బుగ్గ గిల్లినట్టు గిల్లితివి. ఉత్తకాళ్లతో బురదలో నిలబడి బిందె పట్టు, తెలుసుద్ది."

"ఎండకి నరాలు లాగి ఉంటాయిలే. మజ్జిగ తాగు."

"మజ్జిగ తాగితే పంపు ఊరుకుంటదా?" అని అంకమ్మ బిందె నడుముకెత్తుకుని వెళ్లిపోయింది.

నేను వోల్టులు కొలిచే మల్టీమీటరు తీయవలసిన సమయం అది. తీయలేదు. మరుసటి శనివారం మళ్లీ జిల్లుమన్నదని ఆమె చెబితే, వారం మధ్యలో ఎందుకు లేదని అడిగి, ఆ ప్రశ్నను అక్కడే వదిలేశాను. పదిహేను రోజుల తరువాత, ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజున, గోడ బయట బిందె పడిన చప్పుడు, ఆ వెంటనే ఆడవాళ్ల కేకలు వినబడ్డాయి. నేను వెళ్లేసరికి అంకమ్మ బురదలో వెల్లకిలా పడి ఉంది. కుడిచేయి మోచేతి దాకా తిమ్మిరెక్కి కదలడం లేదు. పంపు తనను పట్టుకుని వదలలేదనీ, పడిపోవడం వల్లనే చేయి విడిపడిందనీ చెప్పింది. ఎవరినీ పంపు దగ్గరికి రావద్దన్నాను. లోపలికి వచ్చి షారోన్‌ను అడిగాను.

"ఇప్పుడు ఏది వెలుగుతోంది?"

"ఒవెన్ అత్తయ్యా. శనివారం కదా, కేకులు."

వారం మధ్యలో లేని షాకు శనివారాలే ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. మీటరు తెచ్చాను. ఒక కొసను పంపుకు, రెండవ కొసను తడి నేలలో గుచ్చిన మేకుకు ఆనించాను. అరవై నాలుగు వోల్టులు. ఒవెన్ ఆపించాను. సున్న. పైన నాలుగు ప్లేట్లూ వేయించాను. అప్పుడూ సున్నే. మళ్లీ ఒవెన్ వేయించాను. అరవై నాలుగు. తడి చేతులతో, ఉత్తకాళ్లతో నిలబడిన మనిషి ప్రాణం పోవడానికి అది చాలు.

ఇక షారోన్‌నూ మార్క్‌నూ అడుగుతూ, కారణాలను ఒక్కొక్కటిగా వెనక్కి నడిపించాను. షారోన్ శుభ్రత ఎరిగిన మనిషి. గట్టునూ గ్యాసు పొయ్యినీ నీళ్లు పోసి కడిగినట్లే, ప్రతి శుక్రవారం సాయంత్రం ఒవెన్ లోపల కూడా చెంబుతో నీళ్లు కొట్టి కడుగుతోంది. తడిగుడ్డ గట్టిగా పిండి తుడవాలే తప్ప నీళ్లు పోయరాదని పుస్తకంలో ఉంది. అది చదివినది నేను, కడిగినది ఆమె. ఆ నీరు లోపల వేడినిచ్చే కాయిల్ కొసలోకి దిగి, కరెంటు పొయ్యి రేకులోకి లీకవుతోంది. రేకు నుంచి ఎర్తు తీగ దానిని బోరు గొట్టానికి చేరుస్తోంది. అయితే ఆ గొట్టం ఇప్పుడు రెండువందల అడుగులు లేదు. మూడేళ్ల క్రితం, నేను గుంటూరులో కంటి ఆపరేషను చేయించుకుని పడుకున్న రోజుల్లో, పాత బోరు పూడిపోతే మార్క్ కొత్తది వేయించాడు. లోపల దించినది ప్లాస్టిక్ గొట్టం. పైన కనబడే ఇనుము మూడడుగులు మాత్రమే, అదీ సిమెంటు దిమ్మెలో ఉంది. దానికి కలిసి ఉన్నది వీధి పంపుకు పోయే పాత ఇనుప పైపు ఒక్కటే. ఆ పైపు పాతిన నల్లరేగడి వానాకాలంలో పైపును గట్టిగా పట్టుకుంటుంది. ఏప్రిల్‌లో బెత్తెడు బీటలు విచ్చి దానిని వదిలివేస్తుంది. కనుక వంటయింట్లో లీకైన కరెంటుకు భూమిలోకి దిగడానికి మిగిలిన సులువైన దారి అంకమ్మ శరీరం. షారోన్ రబ్బరు చెప్పులతో పొడి నేల మీద నిలబడి వండుతుంది కాబట్టి ఆమెకు ఏమీ తెలియలేదు.

ఇదంతా వసారాలో మార్క్‌కు వివరించాను. అంకమ్మ మెట్ల మీద కూర్చుని చేయి రుద్దుకుంటూ వింటోంది.

మార్క్, "అయితే సులభమే పెద్దమ్మా. శనివారాలు వీధి పంపు వాల్వు కట్టేస్తాను. ఒక్క రోజు నీళ్లు పట్టుకోకపోతే ఏమైంది? ఈస్టరు తరువాత తీరిగ్గా బాగుచేయించుకోవచ్చు. వచ్చే శనివారానికి షారోన్‌కి తొమ్మిది కేకుల ఆర్డరుంది," అన్నాడు.

"వాల్వు కడితే నీళ్లు ఆగుతాయి. ఇనుములో కరెంటు ఆగదు. ఏ మేక గొలుసో ఆ పంపుకు తగిలినా చాలు."

"అయితే శనివారం అటు ఎవరూ రావద్దని చెబుదాం."

అంకమ్మ లేచి నిలబడింది. "ఎవరికి చెప్తావయ్యా? నేనొస్తా. శనివారమే వస్తా. ఆ నీళ్లు మా అత్త పట్టింది, మా అమ్మ పట్టింది. నీ కేకుల కోసం మేం ఉప్పునీళ్లు తాగాలా? నీళ్లు నేను మానను. కరెంటు నువ్వు మాను."

"నీకోసమే చెబుతున్నా అంకమ్మా! చస్తావని!"

"చస్తే నీ గోడ పక్కనే చస్తా. అప్పుడు పేటంతా వచ్చి మజ్జిగ తాగుద్దిలే!"

నేను మీటరు బోర్డు దగ్గరికి వెళ్లి, పొయ్యి లైనుకున్న ఫ్యూజు లాగి, నా చేతిసంచిలో వేసుకున్నాను.

"పెద్దమ్మా, బజారులో ఫ్యూజులు దొరకవా?"

"దొరుకుతాయి, కొనుక్కో. పెట్టే ముందు బయటికి వెళ్లి, పంపు పట్టుకోమని అంకమ్మకు నువ్వే చెప్పు. ఆ మాట నీ నోటితో అనగలిగితే పెట్టు. కానీ ఒకటి విను. ఇల్లు నాది, ఎర్తు సంగతి అడిగి సరేనన్నదీ నేనే. ఈ తప్పు నా పేరున ఇంకొక్క శనివారం కొనసాగదు."

మార్క్ అన్నం తినకుండా బయటికి వెళ్లిపోయాడు. అంకమ్మను నేను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి గుండె పరీక్ష చేయించాను. గుండెకు ఏమీ కాలేదన్నారు. చేతికి స్పర్శ సాయంత్రానికి వచ్చింది.

సోమవారం బాపయ్యను పిలిపించాను. దొడ్లో స్నానాల గది నీళ్లు పారి ఎప్పుడూ చెమ్మగా ఉండే చోటు చూపించి, అక్కడ ఎనిమిది అడుగుల గొయ్యి తీయమన్నాను. గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గులు, ఉప్పు పొరలు పొరలుగా నింపించాను. ఎండాకాలంలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయడానికి గొట్టం మీద ఒక గరాటు పెట్టించాను. మందపాటి రాగి తీగ గొయ్యి నుంచి బోర్డు దాకా, బోర్డు నుంచి పొయ్యి దాకా లాగించాను. బోరు గొట్టానికి ఉన్న పాత తీగను నా కళ్ల ముందే కోయించాను. ఇల్లు మొత్తానికి లీకేజీ స్విచ్చు పెట్టించి, అప్పుడే పొయ్యి ఫ్యూజు తిరిగి ఇచ్చాను. బాపయ్య పనంతా చేశాడు కాని, గొణగడం మానలేదు.

"ఉత్త పొయ్యికి ఇంత పెళ్లి చేసినవాళ్లని నేను చూళ్లేదు టీచరమ్మా."

"చూడని మాట నిజమే. అందుకే నీ మోటార్ల దగ్గర కూడా ప్లాస్టిక్ బోర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకో."

అతను పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. ఆ రోజు మొత్తం మీద గొణగకుండా ఉన్నది ఆ కాసేపే.

ఒవెన్‌కు కొత్త కాయిల్ కావాలని కంపెనీకి ఫోను చేస్తే పది రోజులు పడుతుందన్నారు. పాతదే తడి ఆరిపోయి ఉంటుందని మార్క్ పట్టుబట్టాడు. ఈస్టరు ముందరి శనివారం ఉదయం గిన్నెల్లో కేకు పిండి కలిపి ఉండగా ఒవెన్ వేశారు. కొత్త స్విచ్చు టక్కున పడింది. ఇల్లంతా ఆగిపోయింది. లేపారు. మళ్లీ పడితే మార్క్ బాపయ్యను పిలిపించాడు.

"చెప్పానా?" అన్నాడు బాపయ్య. "ఈ స్విచ్చులింతే. దీన్ని తప్పించి డైరెక్టు ఇచ్చేస్తా, రెండు నిమిషాల పని. ఎర్తు గొయ్యి ఎటూ ఉందిగా."

మార్క్ నా వైపు చూడకుండా, "ఇవ్వు," అన్నాడు.

నేను వెళ్లి బోర్డుకు అడ్డంగా నిలబడ్డాను. "స్విచ్చు చెడిపోలేదు. అది చెప్పవలసినదే చెబుతోంది. లోపల లీకు అలాగే ఉంది. నెల రోజులుగా అంకమ్మ చెప్పినది ఇదే; ఆమె నోరు కట్టినట్లే దీని నోరూ కట్టేద్దామంటారా?"

"తొమ్మిది కేకులు పెద్దమ్మా! మనుషులు సాయంత్రం వస్తారు!"

"రానీ."

"అత్తయ్య జరగరు, నువ్వు ఇటు జరుగు," అన్న గొంతు షారోన్‌ది. చేతులకు పిండి అంటి ఉంది. ముఖం ఎర్రగా ఉంది. మార్క్‌ను దాటుకుని వచ్చి నా పక్కన నిలబడింది. "బాపయ్యగారూ, స్విచ్చు జోలికి పోవద్దు. మెయిన్ ఆపి, ఒవెన్ కాయిల్ తీగలు ఊడదీసి టేపు చుట్టండి. పైన ప్లేట్లలో లీకు లేదని అత్తయ్య మీటరు పెట్టి చూశారుగా."

"ప్లేట్ల మీద కేకులెట్టా అవుతాయే?" అన్నాడు మార్క్.

"మా అమ్మ దబరాలో ఇసుక పోసి చేసేది. నాకు ఒవెన్ రాకముందు నేను చేసింది దేంట్లో? పెళ్లైన కొత్తలో లొట్టలేసుకుని తిన్నావు, మరిచిపోయావా? వెళ్లి ఇసుక జల్లించుకురా."

బాపయ్య నవ్వు ఆపుకుంటూ స్క్రూడ్రైవరు తీశాడు. తీగలు ఊడదీశాక ప్లేట్లు వేస్తే స్విచ్చు కదలలేదు. నేను పంపు దగ్గర మీటరు పెట్టి చూశాను. సున్న. సాయంత్రానికి ఆరు కేకులయ్యాయి. మిగిలిన మూడు ఇళ్లకూ షారోన్ స్వయంగా ఫోను చేసి, ఒవెన్‌లో లీకు ఉందనీ, దాన్ని వెలిగించననీ చెప్పింది. ఒకావిడ చాలా మాటలన్నది. షారోన్ అన్నీ విని, "ఇవ్వలేనండీ," అని పెట్టేసింది.

అయితే అంకమ్మ రాలేదు. కాయిల్ మార్చాక కూడా రాలేదు. శనివారమే వస్తానని పంతం పట్టిన మనిషి వారం పొడుగునా రావడం మానేసింది. పేట చివర ఉప్పునీళ్ల బోరు దగ్గర కనబడుతోందని షారోన్ చెప్పింది. నేను వెళ్లి అడిగాను. పంపులో ఇప్పుడు ఏమీ లేదని, నేను స్వయంగా కొలిచానని చెప్పాను.

"మీరు కొలిచారు, మీరు నమ్ముతారు. అప్పుడూ ఆ బాపయ్య చెప్పింది మీరు నమ్మారుగా టీచరమ్మా."

నమ్మానని ఒప్పుకున్నాను. ఉన్నది ఉన్నట్లు చెప్పాను. స్విచ్చు మీద పరీక్ష కోసం ఒక చిన్న బటన్ ఉంటుందనీ, నొక్కితే ఇల్లంతా ఆగిపోవాలనీ, ఆగకపోతే స్విచ్చు చచ్చిపోయినట్లనీ, నెలకొకసారి నొక్కి చూడాలనీ వివరించాను.

"ఎవరు నొక్కాల?"

"ఎవరైనా నొక్కవచ్చు."

"అయితే నేనే నొక్కుతా. నెలనెలా, ఒవెన్ వెలిగే శనివారమే."

మే నెల మొదటి శనివారం ఆమె ఖాళీ బిందెతో వచ్చింది. ఈసారి గోడ బయట ఆగలేదు. తడి కాళ్లతోనే మెట్లెక్కి, ముందు గది దాటి, మీటరు బోర్డు దగ్గరికి నడిచింది. గచ్చు మీద ఆమె పాదాల గుర్తులు వరుసగా పడ్డాయి. మార్క్ టీవీలో క్రికెట్టు చూస్తున్నాడు. వంటయింట్లో ఒవెన్ వెలుగుతోంది.

"ఏది టీచరమ్మా, ఇదా?"

"అదే."

వేలు పెట్టి గట్టిగా నొక్కింది. ఫ్యాను ఆగింది. ఒవెన్ దీపం ఆరింది. టీవీ చీకటైంది.

"అరెరే! ఆఖరి ఓవరు!" అని మార్క్ కుర్చీలోంచి లేచాడు.

"కూర్చో బాబూ, నెలకొక్కసారేగా," అన్నది అంకమ్మ. స్విచ్చు మళ్లీ ఎలా లేపాలో నన్ను అడిగి తెలుసుకుని, తానే లేపింది. ఫ్యాను తిరిగింది. బిందె నడుముకెత్తుకుని, వచ్చిన దారినే బయటికి వెళ్లి, పంపు తిప్పి నీళ్లు పట్టుకున్నది.