నేను పైకెత్తిన చెయ్యి

నేను ఒక గిలకను. అరచేతిలో ఇమిడే ఇనుప చక్రం, చుట్టూ తాడు నడిచే గాడి, పైన కొక్కెం, అంతే నా ఒళ్లు. విజయనగరంలో ఒక కొలిమిలో పుట్టి, జూట్ మిల్లు కార్మికుల లైనిళ్ల బావి మీద పాతికేళ్లు నీళ్లు తోడాను. కీచుమన్నప్పుడల్లా నన్ను తిట్టి, ఆ నోటితోనే నేను తోడిన నీళ్లు తాగేవారు. కుళాయిలొచ్చాక బావికి మూత వేశారు. గౌరినాయుడనే కార్మికుడు నన్ను తీసుకుపోయి అటక మీద పడేశాడు.

కొన్నాళ్లకు అతని భార్య పైడమ్మకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఎడమ చెయ్యి తడిగుడ్డలా వేలాడుతోంది. నెల తిరిగేసరికి మోచెయ్యి ముడుచుకుంది, పిడికిలి బిగుసుకుంది. చేతికి వ్యాయామం చేయించమని ఆసుపత్రిలో చెప్పారట. ఎలాగో అడగాలని గౌరినాయుడికి తోచలేదు. ముప్పయ్యేళ్లు మిల్లులో జనపనార మెత్తబరిచిన మనిషి. ఎంత బిరుసు నారైనా నూనే నీళ్లూ చల్లి, నానబెట్టి, యంత్రంలో లాగితే దారికొస్తుందని అతనికి తెలుసు. పెళ్లాం చెయ్యి కూడా నారే అనుకున్నాడు పాపం.

నన్ను దించి, తుడిచి, దూలానికి తగిలించాడు. రోజూ పొద్దున్నే ఆమె భుజానికి నువ్వుల నూనె రాసి, వేడినీళ్ల కాపడం పెట్టి, మణికట్టుకు తువ్వాలు చుట్టి తాడు కట్టేవాడు. నా మీదుగా వచ్చిన రెండో కొస పట్టుకుని లాగేవాడు. చెయ్యి చెవి దాటి పైకి లేచేది. ఎంత బాగా లేస్తోందోనని మురిసిపోయేవాడు.

తాడులోని వణుకు ముందుగా తెలిసేది నాకే. లోపల ఏదో జారుతోంది. పైడమ్మ పళ్లు బిగబట్టి నా వంకే చూసేది. ఎవరికని చెప్పను? ఇరుసు దగ్గర పట్టేసి తిరగకుండా ఉందామని చూశాను. గౌరినాయుడు నాకు కూడా నూనె వేశాడు.

రెండు నెలలకు ఆమె ఎడమ పక్కకు ఒత్తిగిలలేకపోయింది. రవిక తొడుక్కోవాలంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. పిడికిలి ఇంకా బిగిసింది. అది చూసి అతను భయపడి ఇంకాస్త లాగాడు.

అప్పుడు ఆసుపత్రి నుంచి ఫిజియోథెరపీ చేసే ఝాన్సీ అనే ఆవిడ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నన్ను చూసి ఆగిపోయింది. పైడమ్మ భుజం తడిమితే, ఎముక గూటిలోంచి కిందికి జారి, పైన వేలు పట్టేంత సందు ఉంది. చచ్చుబడ్డ కండరాలు కీలును పట్టి ఉంచలేవనీ, అలాంటి చేతిని తాడుతో ఎత్తితే లోపల దెబ్బతింటుందనీ, గబుక్కున లాగినకొద్దీ బిగుతు పెరుగుతుందనీ ఆమె నెమ్మదిగా చెప్పింది. మోచేతి కింద దిండు ఉండాలి. కదిపేవాళ్లు తమ రెండు చేతులా ఆనించి మెల్లగా, భుజం ఎత్తు దాటకుండా కదపాలి. బిగుతు తగ్గడానికి డాక్టరు మందు రాస్తారు. మళ్లీ లేస్తుందా అని అడిగాడు గౌరినాయుడు. నొప్పి తగ్గవచ్చు గానీ, లేస్తుందని మాత్రం మాటివ్వలేనంది.

ఆమె వెళ్లాక అతను పైడమ్మ మోచేతి కింద దిండు సర్దాడు. తర్వాత భార్యను అడిగాడు.

"నొప్పని ఒక్కపాలైనా సెప్పనేదేటే?"

"సెప్తే నా కాడ కూకోడం మానేత్తావని," అంది పైడమ్మ.

అతను నన్ను దూలం నుంచి ఊడబెరికి పాత ఇనుము బండిలో పడేశాడు. తప్పంతా గిలకదే అన్నట్టు ఒక్కసారైనా తిరిగి చూడలేదు. నాకు కోపం రాలేదు. చేసింది ఇద్దరం కలిసే. ఆ చెయ్యి ఇప్పుడెలా ఉందో నాకు చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు నా కాపురం పాత ఇనుము కొట్లో. ఈ ఉదయం ఒకావిడ వచ్చింది. వాళ్లన్నయ్యకు పక్షవాతమట, చెయ్యి లేవడం లేదట, తాడు కట్టి లాగడానికి గిలక కావాలట. కొట్టు యజమాని కుప్ప కెలికి నన్ను తీశాడు.

"బాగా తిరుగుతాది తల్లీ, సూడు," అంటూ వేలితో చక్రాన్ని తోశాడు.

తిరగకూడదనుకున్నాను. తిరిగాను.