మూడో అంకె మీద సిరిల్

పలక కొస రంపం దాటి ఇవతలికి వచ్చేసరికి సిరిల్ డాకింగ్ చేతులు అప్పటికే అక్కడ కాచుకుని ఉన్నాయి. పట్టుకోవడం, లాక్కుంటూ ఆరడుగులు వెనక్కి నడవడం, కుడిపక్క దొంతి మీద పడేయడం, మళ్లీ ఆరడుగులు ముందుకి రావడం. రంపానికి అవతల నిలబడి దుంగను తోసేవాడు గస్. తోసేవాడికి దుంగ ఎటు పోతోందో కనిపిస్తుంది. లాగేవాడికి వెనక ఏముందో కనిపించదు. ముప్పై ఏడేళ్లుగా సిరిల్ లాగేవాడే. అతని బూట్ల కింద నేలచెక్కలు గిన్నెల్లా అరిగి గుంటలు పడ్డాయి. టాల్‌బ్రూక్ మిల్లు యజమాని ఆ చెక్కల్ని రెండుసార్లు మార్పించాడు గానీ వాటి మీద నడిచే మనిషిని మార్పించలేదు.

యాభై ఎనిమిదేళ్లు. పొట్టివాడు. తల నేరుగా భుజాల మీదే పెట్టినట్టుంటుంది, మధ్యలో మెడ పెట్టడం దేవుడు మర్చిపోయాడేమో. ఎడమచేతి చూపుడువేలు రెండో కణుపు దగ్గర ఆగిపోయింది. కనుబొమల్లో రంపపుపొట్టు దిగబడిపోయి, ఆదివారం చర్చికి తల దువ్వుకుని వెళ్లినా అక్కడ కూడా కాస్త రాలేది. ఎవరైనా తన మీద జోక్ వేస్తే, అందరికంటే అరక్షణం ముందు తనే నవ్వేవాడు. చిన్నప్పుడు ఎప్పుడో అలవాటైంది. ముందే నవ్వేస్తే దెబ్బ కాస్త పక్కకి తగులుతుంది.

ఇవాళ షో. ఏటా మార్చిలో ఊరి బయట మైదానంలో గొర్రెలు, గుమ్మడికాయలు, జామ్ సీసాలు, గొడ్డలి పోటీలు. అందుకని మిల్లు పదింటి టీ దాకానే.

పొద్దున వంటింటి బల్ల మీద ఐవీ అతని తెల్లప్యాంటు ఇస్త్రీ చేసింది. గొడ్డలి పోటీకి తెల్లప్యాంటు, తెల్లబనీను వేసుకోవాలి.

“ఓడిపోవడానికి ఇస్త్రీ ఎందుకయ్యా? నలిగిన ప్యాంటుతో కూడా ఓడొచ్చు.”

“పేపరువాళ్లు ఫొటో తీస్తారేమోనే.”

“గెలిచినవాణ్ని తీస్తారు. వాడి చంక సందులోంచి నువ్వు కనిపిస్తే కనిపిస్తావు.”

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆమె అతని మొహంలోకి చూసింది.

“డాక్టరు ఏమన్నాడు?”

“గొడ్డలి పట్టొద్దన్నాడు. పలకలు లాగొద్దనలేదు.”

“పలకల సంగతి నువ్వు చెప్పలేదుగా.”

“ఆయన అడగలేదుగా.”

“సిరిల్. అది గుండె. పళ్లనొప్పి కాదు.”

“ఒక్కసారి గెలవనీ. ఆ రోజే గొడ్డలి గోడకి తగిలించేస్తా.”

ఈ మాట అతను మొదట పెళ్లయిన ఏడాది అన్నాడు. మాట మీద నిలబడే మనిషి. గెలవలేదు కనక మానలేదు. ఐవీ ఆ ప్యాంటు మడతపెట్టి సంచిలో పెట్టింది. దాని మోకాలికి వేసి ఉన్నది నాలుగో అతుకు.

ఆ పోటీ పద్ధతి చెప్పాలి. ఎనిమిది దుంగలు నిలువుగా పాతి ఉంటాయి. ఎనిమిదిమంది వాటి ముందు నిలబడతారు. మైకు ముందు ఒకాయన గడియారం చూస్తూ ఒకటి, రెండు అని లెక్కపెడతాడు. అందరికంటే తక్కువవాడు మూడు అనగానే మొదలుపెట్టాలి. వాడికంటే మెరుగైనవాడు తన అంకె పిలిచేదాకా గొడ్డలి భుజాన వేసుకుని ఊరికే చూస్తూ నిలబడాలి. గెలిస్తే వచ్చే ఏడాది అంకె పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. ఊరి మొనగాడు రెక్స్ ట్రెలోర్‌ది ఇరవై ఆరు. సిరిల్‌ది మూడు. మూడుకి కింద అంకె లేదు. కమిటీవాళ్లకి జాలేసి ఇంకాస్త కిందికి దించుదామన్నా కింద ఉన్నది గడ్డే.

పదింటికి రంపం ఆగింది. టీ షెడ్డులో గస్, రంపాలకి పళ్లు సానపెట్టే పెర్సీ అప్పటికే కొమ్ములు కలిపారు. పదకొండేళ్లుగా వాళ్లది ఒకటే వాదన. ఈ భూమ్మీద పుట్టిన ఆటగాళ్లందరిలో, ఏ ఆటైనా సరే, అందరికంటే ఎదురులేనివాడు ఎవడు? కొలతకి వాళ్ల దగ్గర గొడ్డలి పోటీ అంకెలే ఉన్నాయి.

“తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది నాలుగు,” అన్నాడు పెర్సీ, జపంలా. “బ్రాడ్‌మన్ తర్వాతవాళ్లంతా అరవై దగ్గరే దేకుతున్నారు. ఏ ఆటలో ఉందిరా అంత తేడా? రెక్స్‌గాడు ఇరవై ఆరైతే ఆయన్ని యాభైలో నిలబెట్టాలి.”

“యాభై ఏమూలకి? మా లిండ్రమ్ బిలియర్డ్స్ బల్ల మీదకి వంగితే, అవతలివాడు ఇంటికెళ్లి ఆవుల పాలు పితికి, దూడకి పేరు పెట్టి, తిరిగొచ్చినా ఇంకా ఈయనే ఆడుతుండేవాడు. ఒక్క దఫాలో నాలుగువేల నూటముప్పై ఏడురా! ఆపలేక చివరికి రూలే మార్చుకున్నారు. మీ బ్రాడ్‌మన్ కోసం నాలుగో వికెట్టు పాతారా?”

“ఆయన్ని ఆపలేకే ఒంటిమీదకి బంతులేశారుగా!”

“అది ఉక్రోషం. రూలు మార్చడం అంటే దణ్ణం పెట్టడం.”

“మరి ఫార్ ల్యాప్?”

“అది గుర్రంరా.”

“అయితే? వీపు మీద బరువు పెంచి మరీ పరిగెత్తించారు. అది మాత్రం అంకె కాదా?”

“గుర్రం గొడ్డలి పట్టలేదు పెర్సీ.”

“సిరిల్ పడతాడు. ఏం లాభం?”

సిరిల్ ముందే నవ్వేశాడు. తర్వాత కప్పులోకి చూస్తూ మెల్లగా, “ఆ స్క్వాష్ ఆడే హెదర్ మెకే లేదూ, పన్నెండేళ్లుగా ఓడలేదట,” అన్నాడు. “పన్నెండేళ్లు ఒకేచోట. ఆమెకీ విసుగు పుడుతుందేమో.”

ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. గస్ లేచి నిలబడి బెల్టు పైకి లాక్కున్నాడు. అంటే పెద్ద మాట రాబోతోందని అర్థం.

“పొరపాటంతా మనదేరా. ఎదురులేనివాణ్ని ఎక్కడెక్కడో వెతుకుతున్నాం. ఇదిగో, బల్ల చివర కూర్చుని టీ తాగుతున్నాడు. బ్రాడ్‌మన్ అంతటివాడు ఆఖరి ఆటలో సున్నా కొట్టాడు. హెదర్ మొదట్లో రెండు ఓడింది. గుర్రం ఓసారి ఎనిమిదోది వచ్చింది. మన సిరిల్? యుద్ధంలో షో ఆగిపోయిన ఏళ్లు పోను ముప్పై నాలుగు షోలు. ఒక్కసారి, పొరపాటున ఒక్కసారైనా కాలుజారి గెలిచాడా? ఇంత కచ్చితంగా ఏ ఆటలో ఎవడున్నాడు చెప్పండి!”

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. పెర్సీ కళ్లు తుడుచుకుని, “ఇవాళ గెలిచావనుకో, రికార్డు మట్టికొట్టుకుపోతుంది,” అన్నాడు.

“గెలవకురా బాబూ,” అన్నాడు గస్, సిరిల్ భుజం మీద చెయ్యేసి. ఆ చెయ్యి నిజంగానే ప్రేమగా ఉంది. “నువ్వు గెలిస్తే మాకు మాట్లాడుకోవడానికేం మిగల్దు.”

సిరిల్ మళ్లీ నవ్వాడు. కప్పు కడిగి బోర్లించాడు.

మైదానంలో సన్నగా వాన. గొర్రెల వాసన, వేగే ఉల్లిపాయల వాసన కలిసి బురద మీద పడుకున్నాయి. చీటీల్లో సిరిల్‌కి మూడో దుంగ వచ్చింది. అతను దాని మీద అరచెయ్యి పెట్టాడు, ఆవు పొదుగు చూసినట్టు. నీలగిరి దుంగ. మెత్తగా, ముడి లేకుండా, తడి మీద ఉంది. ముప్పై నాలుగు షోల్లో అలాంటి దుంగ అతనికి రాలేదు. అతను ఎవరికీ చెప్పలేదు.

“ఒకటి... రెండు... మూడు!”

మొదటి దెబ్బకే పేడు అరచేయంత ఎగిరింది. సిరిల్ కింద ఒకటి, పైన ఒకటి, మళ్లీ కింద ఒకటి వేశాడు. ఎనిమిది దగ్గర పాడిరైతు హోరేస్ మొదలుపెట్టాడు. పన్నెండు, పదిహేను, పందొమ్మిది. ఒక్కొక్క గొడ్డలి లేస్తోంది. సిరిల్ ముందువైపు సగం నరికేసి వెనకవైపుకి తిరిగాడు. ఛాతీలో ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టుంది. బిగించుకోనీ అనుకున్నాడు.

“ఇరవై ఆరు!”

పక్కకి చూడకూడదు, చూస్తే గొడ్డలి గతి తప్పుతుంది. కానీ సిరిల్‌కి చూడాల్సిన పని లేదు. ముందు రెక్స్ నాన్న గొడ్డలి, తర్వాత రెక్స్ గొడ్డలి. ఇన్నేళ్లుగా అతను వింటూ వచ్చిన చప్పుడు అది. గాలికి తలుపు కొట్టుకున్నట్టు, ధన్, ధన్, మధ్యలో ఊపిరి పట్టేంత ఖాళీ కూడా ఉండదు. వెనకనుంచి వస్తుంది, పక్కకి వస్తుంది, దాటిపోతుంది. దాటిపోయాక పై దుంగ ఊడి గడ్డిలో పడిన మెత్తటి చప్పుడు. ప్రతి ఏడూ ఆ చప్పుడు దగ్గరే అతని షో అయిపోయేది.

ఇవాళ అది పక్కదాకా వచ్చి ఆగింది.

ఆగలేదు. మారింది. ధన్ అనడం మాని తడిబట్ట ఉతికినట్టు చప్చప్‌మంది. సిరిల్ ఇంకో రెండు దెబ్బలు వేసి విన్నాడు. రెక్స్ నరికిన చోటే నరుకుతున్నాడు. ఖాళీలో కొడుతున్నాడు. చూసేవాళ్ల కళ్లకి గొడ్డలి లేస్తోంది, దిగుతోంది. చెవులకి మాత్రం అందులో కర్ర లేదు.

కంచె చుట్టూ జనం కేకలు. సిరిల్! సిరిల్! అతని పేరు అలా గాల్లో అతను ఎప్పుడూ వినలేదు. గస్ టోపీ పైకి ఎగిరింది. దుంగలో బొటనవేలి మందం చెక్క మిగిలింది. రెండు దెబ్బలు. గట్టిగా అయితే ఒకటి.

సిరిల్ గొడ్డలి దించేశాడు.

రెక్స్‌కి ఏం చేయాలో తోచలేదు. మాట ఇచ్చి ఉన్నాడు, ముందుకి పోలేడు. అతనూ గొడ్డలి దించాడు. అది చూసి మిగతావాళ్లూ ఆగిపోయారు. ఇద్దరూ పెళ్లి పందిట్లో ముందు మీరు కూర్చోండంటే మీరు కూర్చోండన్నట్టు నిలబడ్డారు. ఈ మర్యాదలేవీ తెలియని హోరేస్ ఒక్కడూ తలెత్తకుండా నరుకుతూ నరుకుతూ పోయి, పై దుంగ పడేశాక చెమట తుడుచుకుని, అంతా నిశ్శబ్దంగా ఉండటం చూసి బెదిరిపోయి అడిగాడు:

“ఎవరు గెలిచారు?”

గొర్రెల షెడ్డు వెనక రెక్స్ సిరిల్‌ని పట్టుకున్నాడు. ఆరడుగుల మనిషి, ముప్పై రెండేళ్లవాడు, తప్పు చేసినట్టు నిలబడ్డాడు.

“రెండు దెబ్బలు బాబాయ్! ఎందుకాపావ్?”

“నువ్వెందుకాపావ్?”

“చెయ్యి జారింది.”

“మీ నాన్నకి జారలేదు, నీకూ ఎప్పుడూ జారలేదు.”

రెక్స్ బూటుతో బురదని తన్నాడు.

“ఐవీ పిన్ని మంగళవారం మా ఇంటికొచ్చింది. నువ్వు గెలిస్తేగానీ మానవట. మానకపోతే పోతావట. కేకు కూడా తెచ్చింది.”

“ఏ కేకు?”

“నారింజది.”

“నా పుట్టినరోజుకి కూడా చెయ్యదు అది,” అన్నాడు సిరిల్. ఈసారి ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వు అయ్యాక రెక్స్ గొంతు తగ్గించాడు.

“ఒట్టేసి చెబుతున్నా బాబాయ్. నేను నిజంగా కొట్టినా ఇవాళ నువ్వే గెలిచేవాడివి. ఆ దుంగ అలా పడింది నీకు.”

సిరిల్ తలెత్తి అతని వైపు చూశాడు. కనుబొమల్లోంచి రంపపుపొట్టు వానకి తడిసి చెంప మీదకి కారుతోంది.

“ఏమో నాయనా,” అన్నాడు. “అది ఇంక మనిద్దరిలో ఎవరికీ తెలియదుగా.”

ఐవీ వ్యానులో కూర్చుని ఉంది. సిరిల్ ఎక్కి తలుపేశాడు. అద్దం మీద వాన.

“కేకు బాగా కుదిరిందట,” అన్నాడు.

ఆమె చేతిసంచి గట్టిగా పట్టుకుంది. “గెలిస్తే మానేస్తావని...”

“తెలుసే.”

“కోపమా?”

“లేదే.” అతని చెయ్యి వెళ్లి ఆమె చెయ్యిని వెతుక్కుంది. “నేను కొట్టిన దెబ్బలు చూశావా?”

“చూశాను. మంచి దెబ్బలు.”

“కదూ?”

ఆమె అతని మోకాలి అతుకు మీది బురద దులిపింది. “ఆ ప్యాంటు ఉతికి దాచనా? చింపి పాతగుడ్డలు చెయ్యనా?”

“దాచు,” అన్నాడు. “ఆకలేస్తోందే. వేడిగా మాంసం కూరిన రొట్టె ఒకటి తెచ్చిపెట్టు.”

రొట్టెల దుకాణం దగ్గర వరస పొడుగ్గా ఉంది. పక్కనే బీరు గుడారం. అందులోంచి గస్, పెర్సీ గొంతులు ఐవీకి వినిపిస్తూనే ఉన్నాయి.

“గెలవలేనివాడికి మూడు పెట్టారు, సరే. గెలవగలిగి గెలవనివాణ్ని ఎక్కడ నిలబెడతార్రా?”

“అలాంటి అంకె లేదు.”

“బ్రాడ్‌మన్ ఎప్పుడైనా తొంభై తొమ్మిది దగ్గర బ్యాటు కింద పెట్టాడా? లిండ్రమ్ పెట్టాడా?”

“గుర్రం పెట్టలేదు.”

“నోర్ముయ్ రా. వాణ్నే అడుగుదాం పద.”

ఐవీ తిరిగి వచ్చేసరికి సిరిల్ తల అద్దానికి ఆనించి ఉన్నాడు. బనీను మీద చెక్కపేడు ఒకటి అంటుకుని ఉంది, ఛాతీతో పాటు అది కదలడం లేదు. ఆమె రొట్టె పొట్లాం ఒళ్లో పెట్టుకుని, తన వైపు తలుపు మెల్లగా వేసుకుని, పక్కనే కూర్చుంది. గస్ వచ్చి అద్దం మీద తట్టి, “ఏరా మొనగాడా, ఓ సంగతి చెప్పు,” అన్నాడు. ఐవీ అరచెయ్యి ఎత్తింది. గస్ టోపీ తీశాడు. వెనక పెర్సీ కూడా తీశాడు.

సాయంత్రం కమిటీవాళ్లు బండి తోలుకొచ్చి మొద్దులన్నీ పెకలించి వేసుకున్నారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఒకడు తోస్తే పడిపోతుందన్నాడు గానీ, తొయ్యలేదు. బండి వెళ్లిపోయింది. ఖాళీ మైదానంలో, వానలో, ఆ ఒక్క దుంగ తల ఊడకుండా, బొటనవేలంత చెక్క మీద నిలబడి ఉంది.