శేషగిరి మాస్టారు మూసేసిన దారి

నేను అడవిలో నడుస్తున్నాను, కాళ్ల కింద ఆకులు మెత్తగా, జిగురుగా అంటుకుంటున్నాయి, వంగి చూస్తే అవి ఆకులు కావు, ఇంకా ఆరని రంగు. అప్పుడు తెలుస్తుంది, ఇది శేషగిరి మాస్టారు నల్లమలలో వేసిన బొమ్మ, ఎగ్జిబిషన్ కోసం నేను శుభ్రం చేస్తున్న బొమ్మ. మాస్టారు పోయి నాలుగేళ్లయినా టేకు మాను పక్కన నిలబడి, నాకు పాఠం చెప్పిన రోజుల్లోలాగే, ఇందులో ఏం కనిపిస్తోందో చెప్పమంటున్నారు.

ప్రశాంతత అంటాను. ఎండ ఎడమ నుంచి పడుతోందని, గాలి లేదని, మధ్యాహ్నం అడవి కునుకు తీస్తోందని, కేటలాగులో నేను రాసిందే అప్పజెబుతాను. మాస్టారు నవ్వుతారు, ఆ నవ్వు మానులోంచి వస్తుంది.

"కునుకు కాదురా జోగీ, ఊపిరి బిగబట్టింది. ఒక్క పిట్టనైనా వేశానా? చెట్లన్నీ దేనికి భయపడి ఒరుగుతున్నాయో చూడు."

చూస్తాను. మానులన్నీ కుడిపక్క నల్లటి పొదకి దూరంగా వాలి ఉన్నాయి. దూదిని ఉమ్మితో తడిపి, ఆయన నేర్పిన పద్ధతిలోనే, పొగమసి అనుకుని నేను పొద్దుటి నుంచీ తుడుస్తున్నది ఆ పొదనే, తుడిచిన మేర సన్నటి దారి తెరుచుకుంటోంది. ఆ దారినే తన భార్య రాజ్యమ్మగారు నీళ్లకని వెళ్లి తిరిగి రాలేదని మాస్టారు మెల్లగా చెబుతున్నారు, వెళుతున్న ఆమె వీపును బొమ్మలో వేసుకుని ముప్ఫయ్యేళ్లు చూస్తూ కూర్చున్నారట, చివరి ఏడాది ఆమె ఇటు తిరిగిందట, అందుకే దారి మీద పొద వేసి మూసేశారట.

"తిరిగొస్తుంటే మూసేశారా మాస్టారూ?"

"నా పెళ్లాం నడక నాకు తెలీదా ఏంట్రా? వచ్చేది రాజ్యం కాదు. నువ్వు తుడిచేది మసి కాదు, ఆపెయ్."

ఆపాలనే ఉంది, చెయ్యి మాత్రం ఆగడం లేదు, దారి వెడల్పవుతోంది, మాస్టారు కూడా చెట్లతోపాటే వెనక్కి ఒరుగుతూ, సన్నబడుతూ, మానుల్లో ఒక మానైపోతున్నారు, జిగటలో పడే అడుగులు దగ్గరవుతున్నాయి, పరిగెడదామంటే రంగు నా మడమల చుట్టూ ఆరి గట్టిపడిపోయింది.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడు. బొమ్మ ముందు కుర్చీలోనే నిద్రపోయాను. చేతిలో పుల్లకి చుట్టిన దూది నల్లగా లేదు, ఆకుపచ్చగా ఉంది. బొమ్మలో నేను తుడిచిన చోట, గోరంత మేర, మెట్టె పెట్టుకున్న పాదం బయటపడింది.

దాని వేళ్లు నా వైపు ఉన్నాయి.